మిణుగురప్ప ఎవరికి జవాబు చెప్పేవాడు

హిందూపురంలో మా ఇంటి తలుపు తట్టి, "అక్కా, మిణుగురప్ప గొంతు మీ నాయనదేనంట కదా" అని అడిగిన రోజే ఆ ఇద్దర్నీ వాకిట్లోంచి అటే పంపించేసి ఉంటే నాకీ తిప్పలు ఉండేవి కావు. ఇద్దరికీ నలభై దాటి ఉంటాయి. ఒకడు సోమశేఖర్, ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పని చేస్తాడు, ఉండేది పెనుకొండలో. రెండో అతను ఖాజా, మా ఊళ్లోనే సెల్‌ఫోన్ల అంగడి. ఏ చందాల కోసమో వచ్చారనుకుని లోపలికి పిలిచి కాఫీ ఇచ్చాను. ఖాజా గ్లాసు కింద పెట్టి, కుడి చెయ్యి పైకెత్తి రెండు వేళ్లు చాపి, అచ్చం మా నాయన గొంతుతో "ఇప్పుడే తింటాలేమా" అన్నాడు. నేను పీట లాక్కుని అతని ఎదురుగా కూర్చున్నాను. నాయన పోయి ఇన్నేళ్లయ్యాక ఆ మాట మళ్లీ ఒకరి నోట వింటానని ఎన్నడూ అనుకోలేదు.

వాళ్లు చెప్పింది ఇది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడు ఊళ్లలో చిన్నప్పుడు కేబుల్ టీవీలో జపాన్ సీరియల్ వీరుడు మిణుగురప్పను చూసి పెరిగిన వాళ్లంతా ఫోన్లో ఒక గ్రూపు కట్టారు. వాడి బొమ్మలున్న స్టిక్కర్లు, అట్టతో చేసుకున్న ముసుగులు, పాత నోటు పుస్తకాల వెనక గీసుకున్న గీతలు, దొరికిందల్లా పోగుచేస్తున్నారు. "ఇప్పుడే తింటాలేమా" అని అచ్చేయించిన బనియన్లు కూడా ఉన్నాయట. యుద్ధం మధ్యలో మిణుగురప్ప ఆ మాట ఎందుకంటాడో ఎవరికీ తెలీదు, రాక్షసుడిని తినేస్తానంటున్నాడని కొందరి వాదన. బొమ్మకు కొదవ లేదు, జపాన్‌లో ఆ సీరియల్ మొత్తం కడిగిన ముత్యంలాగా డిస్కుల్లో దొరుకుతుంది. లేనిది తెలుగే. "ఆ తెలుగు లేకపోతే మాకు వాడు మిణుగురప్ప కాదక్కా, ఎవురో జపానోడు," అన్నాడు సోమశేఖర్. ఆ మాటకే నేను పడిపోయాను.

అసలు సంగతి చెప్పాలంటే ధర్మవరంలో మా ఇంటి నడవలోకి పోవాలి. నడవంతా మగ్గమే. మగ్గం కింది గుంటలో కాళ్లు పెట్టుకుని నాయన నేస్తుంటే, పక్క గోడకు ఆనుకుని అమ్మ దారం కండెలకు చుట్టేది. వంటింటి గడప మీద అవ్వ, అంటే నాయన తల్లి, రాట్నం పెట్టుకుని కూర్చునేది. రంగు వేసిన పట్టు వాసన, పొయ్యి మీద సంగటి వాసన, అవ్వ ముక్కుపొడుం వాసన కలిసిపోయి ఒకటే వాసనగా ఉండేది ఆ ఇంట్లో. ఇప్పటికీ ఏ చీరలంగట్లోకి అడుగు పెట్టినా పట్టుతో పాటు ముక్కుపొడుం వాసన రాదేమని నా ముక్కు వెతుక్కుంటుంది. మా మేనమామ నాగరాజు అప్పట్లో ధర్మవరంలో కేబుల్ నడిపేవాడు. బెంగళూరు నుంచి ఒకసారి గోతంలో వేసుకుని క్యాసెట్లు తెచ్చాడు. పైన రాసింది జపాన్ లిపి. రాగిరంగు టోపీ పెట్టుకున్న మనిషి, కళ్లు మినుకు మినుకుమంటుంటే రాక్షసుల్ని తంతుంటాడు. మామ దాన్ని ఉన్నదున్నట్టే వేశాడు. ఒక్క మాట అర్థంకాక పిల్లలు లేచి వీధిలోకి పోయారు.

అప్పుడు వచ్చి పడ్డాడు నాయన మీద. నాయన వయసులో ఉన్నప్పుడు నాటకాలు వేసినవాడు, గొంతెత్తితే వీధి చివరికి వినిపించేది. "బావా, నీ గొంతియ్యి. తెలుగులో ఏదో ఒకటి చెప్పు," అన్నాడు మామ. నాయన చెయ్యి ఆపలేదు. "పెండ్లోళ్ల చీర ఉండాది మగ్గం మీద. దిగి వచ్చేది లేదబ్బా. నీకంత కావాలంటే ఆ పెట్టెలు ఈడికే మోసుకురా." మామ నిజంగానే మోసుకొచ్చాడు. మగ్గానికి ఎదురుగా టీవీ, రెండు వీసీఆర్లు పెట్టి, మైకును గుడ్డలో చుట్టి మగ్గం పైదూలానికి వేలాడదీశాడు. ఒక క్యాసెట్ ఆడుతుంటే, నాయన నేస్తూనే చూస్తూ, చూస్తూనే మాట్లాడుతూ, అది రెండో క్యాసెట్లోకి ఎక్కేది. జపాన్ భాషలో ఒక్క ముక్క రాదు. కథ అంతా అప్పటికప్పుడు నాయన అల్లిందే. కళ్లు మిణుకుతున్నాయి కాబట్టి మిణుగురప్ప అని పేరు పెట్టాడు. విలన్‌కి మా వీధికొచ్చే పట్టు దళారి మాటతీరు తగిలించాడు. ఎనిమిది కాళ్ల ఆ రాక్షసుడు తెర మీద కొండలు పగలగొడుతూ "ఈ చీరలో మచ్చ ఉండాది, తీసుకునేది లేదు పో" అనేవాడు. మా వీధి వీధంతా పడీ పడీ నవ్వేది.

తమాషా ఏమంటే తెర మీద కొట్లాట మొదలైతే నాయన కాళ్లు, చేతులు వాటంతటవే జోరందుకునేవి. మగ్గం దడదడలాడేది. ఒకసారి షావుకారు చీర వెనక్కి పంపాడు. జానెడు మేర నేత అట్టలాగా బిగిసి, ఆ తరువాత వదులుగా ఉందని. అమ్మ చీర పరిచి చూపించి "ఇదేంది?" అని అడిగితే, నాయన వేలు పెట్టి "ఆడ రాక్షసుడు వచ్చినాడు" అన్నాడు. అమ్మ ఆ చీర మడిచి నాయన ఒళ్లో పడేసి పోయింది. క్యాసెట్లు మాత్రం ఆగలేదు. ధర్మవరంలో వేశాక మామ వాటిని పెనుకొండ, హిందూపురం కేబుల్ వాళ్లకు బస్సులో పంపేవాడు.

ఇక అవ్వ. ఆమెకు మైకు అంటే లెక్క లేదు, టేపు అంటే లెక్క లేదు. కొడుకు పనిలో ఉన్నప్పుడు మాట్లాడకూడదనే నియమం ఆ ఇంట్లో ఎన్నడూ లేదు, ఇప్పుడెందుకు వస్తుంది? "మా, టేపు తిరుగుతాండాది," అని నాయన బతిమాలితే, "తిరగనీలే, నేనేమన్నా దానికి అడ్డం పండుకున్నానా," అనేది. మధ్యలో ఆపితే మళ్లీ మొదటి నుంచీ చెప్పుకురావాలి, దానికి నాయనకు తీరికలేదు. అందుకని ఆమె ఏమడిగినా మిణుగురప్ప గొంతులోనే జవాబిచ్చి కథ సాగించేవాడు. అవ్వ "సంగటి చల్లగైపోతాంది, వస్తావా రావా" అంటే, మిణుగురప్ప రాక్షసుడి మెడ మీద కాలు పెట్టి "ఇప్పుడే తింటాలేమా" అనేవాడు. అవ్వ "వాకిట్లో ఎవురో నిల్చుకున్నారు చూడు" అంటే, మిణుగురప్ప ఆకాశంలోకి ఎగురుతూ "మళ్ల రమ్మని చెప్పు" అనేవాడు. ఆమె కథను కూడా వదిలేది కాదు. "వాడికి అమ్మ లేదా? చలిలో ఆ మాదిరి తిరుగుతాండాడే" అని ఒకసారి అడిగింది. నాయన కాసేపు నేత ఆపి, "ఉండాది, ఇంట్లో రాట్నం తిప్పుతాండాది," అన్నాడు. అది కూడా క్యాసెట్లోకి ఎక్కింది.

క్యాసెట్ తెగితే వైద్యం కూడా అవ్వదే. మగ్గం మీద తెగిన పోగును అతికేది ఆమే కదా. వేళ్లకు పొయ్యిలో బూడిద అద్దుకుని రెండు కొసలూ కలిపి ఒక్క పురి తిప్పితే మళ్లీ ఎక్కడ తెగిందో కనిపించేది కాదు. టేపు తెగినప్పుడు కూడా అదే చేసింది. బూడిద అద్దింది, పురి తిప్పింది, అది నిలవకపోతే తుమ్మబంక పూసింది. తరువాత ఆ క్యాసెట్ వేస్తే మామ వీసీఆర్ గరగరమని ఆగిపోయింది. మామ నెత్తి కొట్టుకుని "అత్తా, ఇది పట్టు కాదు" అని మొరపెట్టుకున్నాడు. "ఏదైతేనేమిరా, తెగిందా లేదా? అతికినానా లేదా?" అని అవ్వ ఆయన మీదే ఎగిరింది. అప్పటి నుంచి ఆమె కంట పడకుండా క్యాసెట్లు దాచేవాడు మామ, ఆమె వెతికి మరీ అతికేది.

ఆఖరి క్యాసెట్లు చేసేటప్పటికి నేను ఇంట్లో లేను. ఇంటర్‌కు అనంతపురం హాస్టల్లో పడేశారు. ఆ చలికాలంలోనే అవ్వ మంచం పట్టింది. నాతో ఒక్కరూ చెప్పలేదు, పరీక్షలు పాడవుతాయని. మంచం గడప దగ్గరికే జరిపించుకుని, నాయన్ని చూస్తూ పడుకునేదట. నేను దిగేసరికి అంతా అయిపోయింది. నాయన ఆ తరువాత మైకు ముందు నోరు విప్పలేదు. చానళ్లు వచ్చిపడి మామ కేబుల్ కూడా మూతపడింది. క్యాసెట్లన్నీ ట్రంకుపెట్టెలో వేసి తాళం పెట్టి, ఆ తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు నాయన. ఆయన పోయాకే అది నా చేతికొచ్చింది. అప్పటికి వీసీఆర్ అనే వస్తువే లోకంలో లేదు. అవ్వది ఓటరు కార్డు ఫోటో ఒకటి ఉంది, దాంట్లో పోలీసుల్ని చూసినట్టు బెదిరిపోయి ఉంటుంది. నన్ను పెంచిన మనిషి గొంతు ఎక్కడన్నా ఉందంటే ఆ ట్రంకుపెట్టెలోనే ఉంది. నేను లేని ఆ నెలల్లో ఆమె ఏం మాట్లాడిందో ఆ ఆఖరి క్యాసెట్లలో ఉంది. నాకు కావలసింది అదొక్కటే.

అదే చెప్పాను ఆ ఇద్దరికీ. తెలుగులోనే చెప్పాను. "దాంట్లో మా అవ్వ గొంతు ఉండాదప్పా. అది నాకు వినిపిస్తే చాలు, తక్కినదంతా మీరే పెట్టుకోండి." సోమశేఖర్ అప్పటికే పెట్టె మూత తీసి క్యాసెట్లను పసిబిడ్డల్లాగా ఒక్కొక్కటే ఎత్తి చూస్తున్నాడు. చూస్తూనే తల ఊపాడు. నేనా తల ఊపడాన్ని నమ్మాను.

తరువాత మొదలయ్యాయి ఫోన్లు. వీసీఆర్ దొరకలేదు. దొరికింది గానీ బెల్టు లేదు. బత్తలపల్లిలో పాత టీవీలు బాగుచేసే ఆయన దగ్గర ఇంకొకటి ఉందట, ఆయన తిరుపతికి పోయాడట. ఆయన వచ్చాడట, దానికి వైరు లేదట. నెలలు పోయాయి. ఒకరోజు సోమశేఖర్ ఫోన్ చేసి "అక్కా, టేపు మధ్య మధ్యలో బూడిద, బంక మాదిరి ఉండాది. ఎవురో బాగా చెడగొట్టినారు," అన్నాడు. "చెడగొట్టలేదప్పా, అతికింది," అన్నాను. "టేపును ఎవురన్నా బంకతో అతుకుతారాక్కా?" అన్నాడు. నాకు కోపం వచ్చింది గానీ, పని వాళ్ల చేతిలో ఉంది కదా అని మింగుకున్నాను. ఇంకొన్నాళ్లకు మళ్లీ ఫోన్. బూజు పట్టిన టేపు ఒక్కసారి ఆడగానే పైపూత అంతా పొడిగా రాలిపోయిందట, ఇంక ఆ క్యాసెట్లు దేనికీ పనికి రావట. "ఐతే ఏమీ ఇబ్బంది లేదక్కా. రాలిపోయే లోపల మొత్తం కంప్యూటర్లోకి ఎక్కించేసినాం." ఆ రోజు దేవుడి దగ్గర దీపం పెట్టాను.

ఆ సీరియల్ నా ఫోన్లోకి వచ్చిన రోజు పొయ్యి ఆపేసి, కుర్చీ వేసుకుని, చెవుల్లో వైర్లు పెట్టుకుని కూర్చున్నాను. బొమ్మ జపాన్ డిస్కుల్లోది, తళతళలాడుతోంది. నాయన గొంతు ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టే వచ్చింది. ఏడుపు ఆగలేదు. అది కాస్త తగ్గాక ఏదో తేడా అనిపించింది. మగ్గం లేదు. దడదడ లేదు, రాట్నం కిర్రు లేదు, వీధిలో కుక్క లేదు. నాయన ఎవరూ లేని గదిలో నిలబడి మాట్లాడుతున్నాడు. మిణుగురప్ప రాక్షసుడి మెడ మీద కాలు పెట్టాడు, ఒక్క క్షణం ఏ శబ్దమూ లేదు, "ఇప్పుడే తింటాలేమా" అన్నాడు. ఎవరితో?

సోమశేఖర్‌కు ఫోన్ చేశాను. "మా అవ్వ ఏదప్పా?"

"ఏ అవ్వక్కా?"

"మధ్యలో మాట్లాడుతుంటాదే, ముసలామె."

"ఓ, ఆమెనా." అతని గొంతులో గర్వం. "ఆమె గొంతు తీసేదానికే మాకు ప్రాణం పోయిందక్కా. మగ్గం చప్పుడు సులభంగా పోయింది. ఆమె మాట మాత్రం మీ నాయన మాట మీదికే వస్తాంటుంది. చిన్నప్పుడు టీవీలో ఏదో గొణుగుడు మాదిరి వినపడేది, అంత గట్టిగా ఉంటుందని మాకూ తెలీదు. ఒక్కొక్క మాటా పట్టుకోని తీసేసినాం."

ఆమె మాటలు తీసెయ్యకముందటి కాపీ ఇమ్మన్నాను. బాగుచేసిందాన్ని పాతదాని మీదే ఎక్కించామని, రెండూ పెట్టుకునేదానికి జాగా లేదని చెప్పాడు. అంతలో అతనికి ఏదో తోచింది. "బాధపడాకక్కా. ఇప్పుడు ఏఐ ఉండాది. ఆమె గొంతు నాలుగు మాటలు శాంపిల్ ఇస్తే చాలు, మిగతాదంతా అదే మాట్లాడుతుంది."

"ఆ శాంపిలే కదప్పా మీరు తీసేసింది," అని ఫోన్ పెట్టేశాను.

తిట్టాలంటే ఎవర్ని తిట్టాలి? పాపం వాళ్లు సెలవు రోజులు పోగొట్టుకుని, సొంత ఖర్చు పెట్టుకుని చేశారు. చేసింది ప్రేమతోనే. అదే నాకు ఇంకా మంట. మా ఇంట్లో ఎవరూ దేన్నీ భద్రంగా పెట్టాలనుకోలేదు, నోటికొచ్చింది మాట్లాడారు, బూడిద పూశారు, ట్రంకుపెట్టెలో పారేశారు. ఇన్నేళ్లూ ఆ మురికిలోనే అవ్వ బతికుంది. ఇప్పుడు నా ఫోన్లో నా మనవరాలు తుమ్మితే వీడియో, తూలితే వీడియో. ఎవరి గొంతు పోతుందన్న భయం లేదు, ఎవరి గొంతూ పూర్తిగా వినే తీరికా లేదు. రెండు వారాలు ఆ సీరియల్ జోలికి పోలేదు. గ్రూపులో మాత్రం పండగ జరుగుతోంది. నాయన ఫోటోకు దండలు వేస్తున్నారు. నాకు దండాలు పెడుతున్నారు.

అంతలో సోమశేఖర్ పెట్టిన మెసేజ్ చూశాను. మిణుగురప్ప మాట్లాడకుండా నిలబడే చోట్లు ఎక్కువున్నాయని, బోర్ కొడుతోందని కొందరంటున్నారట. తరువాతి వెర్షన్‌లో ఆ ఖాళీలన్నీ కోసేస్తారట. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి పెనుకొండలో దిగాను. చెప్పాపెట్టకుండా గుమ్మంలో నన్ను చూసి అతను కంగారుపడ్డాడు. "టిఫిన్ తర్వాత. ముందు ఆ కంప్యూటర్ ముందర కూర్చో," అన్నాను.

మొదటి ఖాళీ వచ్చింది. మిణుగురప్ప నిలబడ్డాడు. నేను తెరకేసి "సంగటి చల్లగైపోతాంది, వస్తావా రావా" అన్నాను. "ఇప్పుడే తింటాలేమా" అన్నాడు నాయన. సోమశేఖర్ నవ్వాడు. ఇంకో ఖాళీ. "వాకిట్లో ఎవురో నిల్చుకున్నారు చూడు." "మళ్ల రమ్మని చెప్పు." ఈసారి నవ్వలేదు. మౌస్ మీది నుంచి చెయ్యి తీసేసి నా మొహంలోకి చూస్తున్నాడు. అట్లా ఒకదాని తరువాత ఒకటి చెప్పుకుంటూ పోయాను. ఏ ఒక్కటీ మరిచిపోలేదని నాకే ఆశ్చర్యంగా ఉంది. గొంతు నాదే, మాట మాత్రం అవ్వదే. "ఒక్కటీ కొయ్యనులేక్కా," అన్నాడు అతను, నేను అడగకముందే.

అప్పుడు ఆఖరి క్యాసెట్‌ది పెట్టమన్నాను. నేను హాస్టల్లో ఉన్నప్పుడు చేసింది. దాన్ని వినే ధైర్యం అంతవరకూ నాకు లేదు. రాక్షసుడు చచ్చాడు. మిణుగురప్ప కొండ చివర ఒక్కడే నిలబడ్డాడు, చుట్టూ మనిషి లేడు, వెనక మబ్బులు. నాయన ఏమీ చెప్పడం లేదు. అన్నిట్లోకీ పొడుగైన ఖాళీ అది. తరువాత మిణుగురప్ప, నేను ఎన్నడూ వినని మెత్తటి గొంతుతో, "అట్లనొద్దుమా. నువ్వు యాడికీ పోవు," అన్నాడు.

"ఇది గ్రూపులో అందరికీ ఇష్టమైన డైలాగక్కా," అన్నాడు సోమశేఖర్ మెల్లగా. "ఎప్పుడు చూసినా ఏడుపొస్తుందంటారు." తరువాత నా వైపు తిరిగి, "ఈడ ఆమె ఏమనింది?" అన్నాడు.

"నేను లేనప్పా ఆ పొద్దు. నాకు తెలీదు."

అతను వెనక్కి తిప్పాడు. ఆ ఖాళీ మొదలయ్యే చోట పెట్టి, శబ్దం పూర్తిగా పెంచాడు. ఇద్దరం స్పీకర్ దగ్గరికి వంగి చెవులు పెట్టాం. మళ్లీ తిప్పాడు, మళ్లీ విన్నాం. ఇంకోసారి తిప్పబోయి ఆగిపోయాడు.

"ఏమీ లేదక్కా," అన్నాడు. "బాగా తీసేసినాను."